కనబడిన గంట

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే. నేను నిద్రలో ఉండగా నీళ్లు నా బిడ్డ మంచాన్ని అందుకోవడం.

దొంగలంటే ఇంత భయం లేదు. సముద్రం మా సందులోకి చప్పుడు చేయకుండా వస్తుంది. మేం రోబ్ అనే ఆ పోటు నీళ్లు పైకి లేస్తున్నాయంటే ముందు పంపు హౌసులో గంట మోగాలి. గంట మోగితే కాపలా ముసలాయన పాక్ రెబో పరిగెత్తుకొచ్చి పంపు వేస్తాడు, ఆ వెంటనే గుమ్మానికి వేలాడే చెక్క డోలు బాదుతాడు. డోలు వినపడగానే మేం పిల్లల్నీ బియ్యం డబ్బానీ గ్యాసు సిలిండర్‌నీ బల్లల మీదికి ఎక్కిస్తాం. సెమరాంగ్ నగరంలో మా వైపు ఇళ్లన్నీ ఇలాగే బతుకుతాయి. గంట, డోలు, బల్ల.

మంగళవారం తెల్లవారుజామున గంట మోగలేదు.

పక్కింటి అవ్వ మ్బాః గీనా పగలంతా జాము అనే మూలికల కషాయం సీసాలు మోసి అమ్మి, రాత్రి చాప పరుచుకుని నేలమీదే పడుకునేది. ఆమె ఇక లేవలేదు. నా కూతురు సెకార్‌కి ఏడు నెలలు. అది ఆకలికి ఏడ్చింది కాబట్టి నేను లేచాను. కాలు కింద పెడితే మోకాలి దాకా నీళ్లు.

బుధవారం నా భర్త వికన్‌ని పోలీసులు పట్టుకుపోయారు. పంపుల కంపెనీలో కంప్యూటర్లు చూసేది అతనే. గంటను మూగ చేసింది కూడా అతనేనట. శుక్రవారం పెద్ద జైలుకి పంపిస్తామన్నారు. ఒకసారి అక్కడికి వెళితే కేసు తేలేసరికి సెకార్ బడికి వెళుతుందని స్టేషన్ బయట టీ అమ్మే అతను చెప్పాడు.

అందుకే ఈ రోజు, గురువారం, పొద్దున్నే మా బూలిక్ సుదార్మి బస్సు దిగింది. అమ్మకి చెల్లెలు. సురబాయాలో ముప్పై ఏళ్లు పోలీసు నేరాల విభాగంలో పనిచేసి రిటైరైంది. వస్తూనే నా కళ్లలోకి చూసి, "ముందు తిన్నావా?" అంది. తినలేదన్నాను. సంచిలోంచి వేయించిన తెంపె, ఆ సోయా ముక్కల పొట్లం తీసి నా చేతిలో పెట్టి, "నడుస్తూ తిను, పద స్టేషన్‌కి," అంది.

వికన్ చువ్వల అవతల గోడకి ఆనుకుని ఉన్నాడు. బిడ్డను చూడగానే చెయ్యి చాపాడు. సెకార్ అతని వేలు పట్టుకుని వదల్లేదు. బూలిక్ ఓదార్పు మాటలేం చెప్పలేదు. నేరుగా అడిగింది.

"గంట మోగించే కంప్యూటర్ స్క్రిప్టు నువ్వు రాసిందేనా?"

"పాతది కంపెనీదే బూలిక్. నేను చేరాక సరిచేశాను. నీటిమట్టం గీత దాటితే అది కాగితం మీద 'అవాస్' అని హెచ్చరిక కొట్టి, వెంటనే ప్రింటరుకి గంట అక్షరం పంపిస్తుంది. ఆ అక్షరం అందగానే ప్రింటరు లోపలి గంట మోగుతుంది."

"గంట అక్షరమా? అదేం అక్షరం నాయనా, నేనెప్పుడూ వినలేదే."

ఆ మాటకి వికన్ మొహం మారింది. రెండు రోజులుగా నలిగిపోయినవాడు ఒక్కసారిగా మా పెళ్లినాటి కుర్రాడిలా అయిపోయాడు.

"కనపడని అక్షరం. కంప్యూటరు అక్షరమాలలో A కంటే ముందే కొన్ని ఉంటాయి బూలిక్. అవి చదవడానికి కావు, పని చేయించడానికి. ఒకటి కాగితాన్ని పైకి జరుపుతుంది. ఒకటి ఒక అడుగు వెనక్కి వేయిస్తుంది. ఏడోది గంట కొడుతుంది. కాగితం మీద వాటి జాడే ఉండదు. పని చేసి మాయమైపోతాయి."

"జాడ లేనిదాన్ని నువ్వెలా చూస్తావు?"

"ఎడిటర్ అనే ప్రోగ్రాం చూపిస్తుంది. మేం స్క్రిప్టులు రాసేదీ నడిపేదీ అందులోనే. అది ఏడోది కదా, అందుకని ఏడో అక్షరం G తీసుకుని, ముందు ఒక టోపీ పెట్టి చూపిస్తుంది." అతను చెమటపట్టిన వేలితో గోడ మీద గీశాడు: ^G. "చూడటానికి రెండు. లోపల ఉన్నది ఒక్కటే. ఇది దాని బొమ్మ మాత్రమే."

బడిలో నాకు నేర్పిన అక్షరాలన్నీ కనపడేవే. తొమ్మిదో తరగతితో అవీ ఆగిపోయాయి. చదువు మొదలయ్యే చోటికి ముందే ఇన్ని అక్షరాలు నోరు మూసుకుని పనిచేస్తున్నాయని తెలిసి నా ఒళ్లు జలదరించింది. లాకప్ చువ్వల ముందు ఉన్నామని కూడా ఒక్క క్షణం మరిచిపోయాను.

బూలిక్ మరిచిపోలేదు. "నువ్వు సరిచేసిందేమిటి?"

"పాత స్క్రిప్టులో ఆ అక్షరాన్నే తెచ్చి పెట్టేశారు. అలా పెడితే చేతులు మారేటప్పుడు ఎక్కడో ఒకచోట చచ్చిపోతుంది. నేను దాన్ని తీసేసి, ఎడిటర్ భాషలో దానికున్న పేరు రాశాను. వెనక్కి వాలిన గీత, C, అడ్డగీత, g." మళ్లీ గోడ మీద రాశాడు: \C-g. "ఇవన్నీ మామూలు గుర్తులే, ఎవరు కొట్టినా చెడవు. నడిచేటప్పుడు ఎడిటరే వీటిని గంటగా మార్చుకుంటుంది."

"మరి మంగళవారం ఏమైంది?"

"సోమవారం ఆడిట్ అయింది. మాన్యువల్‌లో లేని రాత ఉండకూడదని నాది తీసేసి పాతది పెట్టించారు. నన్ను దగ్గరికి రానివ్వలేదు. ఇలా చేస్తే ప్రాణాలు పోతాయని ఆఫీసులో అరిచాను. సాయంత్రం పాక్ రెబో దగ్గరికి వెళ్లి ప్రింటరు మీద గంట మీట నొక్కి చూశాను. మోగింది. సరే, పాత అక్షరం బతికే ఉందిలే అనుకుని ఇంటికొచ్చేశాను." అతను బిడ్డ చేతిలోంచి వేలు మెల్లగా తీసుకున్నాడు. "మీట గంటను పరీక్షిస్తుంది బూలిక్, స్క్రిప్టును కాదు. అది ఆ రోజు నాకు తట్టలేదు."

మేం పంపు హౌసు చేరేసరికి మధ్యాహ్నమైంది. తలుపుకి పసుపు టేపు చుట్టి ఉంది. లోపల కంపెనీ తరఫు విచారణ అధికారి పాక్ బ్రమంత్యో కుర్చీలో కూర్చుని, ఇస్త్రీ మడతలు బురదకి తగలకుండా ప్యాంటు పైకి మడుచుకున్నాడు. వ్యాను వస్తే కంప్యూటరునీ ప్రింటరునీ సాక్ష్యంగా పట్టుకుపోవడానికి సిద్ధంగా ఉన్నాడు. గుమ్మం దగ్గర ఒక పోలీసు. మూలన పాక్ రెబో, తప్పు చేసినవాడిలా నిలబడి.

"బు సుదార్మి!" బ్రమంత్యో లేవకుండానే చేతులు జోడించాడు. "మీ పేరు విన్నాను. పెన్షన్ తీసుకుని హాయిగా మనవల్ని ఆడించుకోక మీకెందుకండీ ఈ బురద?"

"మనవలు లేరు పాక్. అందుకే మీలాంటివాళ్లతో ఆడుకోడానికి వచ్చాను." టేపు కింది నుంచి దూరి లోపలికి వచ్చేసింది. "వ్యాను ఎంతసేపట్లో వస్తుంది?"

"అరగంట."

"చాలు."

ముందు పాక్ రెబోని అడిగింది. "ఆ తెల్లవారుజామున నిద్రపోయారా?"

"లేదమ్మా, దేవుడి మీద ఒట్టు. కాలవ ఊచలకి చెత్త అడ్డం పడుతుంటే బయట నిలబడి లాగుతున్నా. ప్రింటరు టకటక కొడుతూనే ఉంది. అది రోజంతా కొడుతుంది, మట్టం రాస్తుంది కదా. గంట మోగితేనే నేను లోపలికి వస్తా. అది మోగలేదు. కాళ్లకి చల్లగా తగిలేదాకా నాకు తెలీదు."

"సోమవారం వికన్ వచ్చి ఏం చేశాడు?"

"మీట నొక్కాడు, మోగింది. నాకో సిగరెట్టిచ్చి వెళ్లిపోయాడు."

"అదీ!" బ్రమంత్యో వేలెత్తాడు. "అతను వచ్చి వెళ్లాకే గంట మూగపోయింది. తన రాత తీసేశారన్న కోపం. ప్రాణాలు పోతాయని ఆఫీసులో పదిమంది ముందు అరిచాడు. తను చెప్పిందే నిజమని చూపించడానికి లోపల ఏదో తీగ పీకి, గొడవయ్యాక మళ్లీ తగిలించాడు. స్క్రిప్టు వైపు ఏ లోపమూ లేదు, కావాలంటే మీరే చూడండి." ప్రింటరులోంచి వేలాడుతున్న కాగితం పైకి లాగాడు. "మంగళవారం, నాలుగు దాటి పది నిమిషాలు. ఏముంది ఇక్కడ?"

నేను కూడా తొంగి చూశాను. మట్టం అంకెల పక్కన నల్లగా ఉంది: AWAS^G.

"గంట గుర్తు!" అన్నాడు బ్రమంత్యో. "యంత్రం గంట పంపించింది. కాగితమే సాక్షి. పంపిన గంట మోగలేదంటే మోగకుండా చేసింది మనిషే."

బూలిక్ ఆ గుర్తు మీద వేలు పెట్టి చూసింది. తర్వాత పాక్ రెబో వైపు తిరిగింది.

"పాత కాగితాలు ఏం చేస్తారు?"

"పారేయనమ్మా, సందులో అడిగినవాళ్లకి ఇస్తా. అరల్లో పరుచుకోడానికి. ఈ అమ్మాయి కూడా పట్టుకెళ్లింది."

బూలిక్ నా వైపు చూసింది. "నింగ్, నీ దగ్గర ఉన్నాయా?"

ఉన్నాయి. సెకార్ బట్టలు పెట్టే పై అర నీళ్లకి అందలేదు. బిడ్డను పాక్ రెబో చేతిలో పెట్టి ఇంటికి పరిగెత్తి, బట్టల కింద పరిచిన కాగితాలన్నీ లాక్కొచ్చాను. వాటికి ఇంకా పౌడరు వాసన. బూలిక్ నేలమీద గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ విప్పింది. ఒకచోట ఆగింది.

"ఇక్కడ AWAS ఉంది. దీని పక్కన ఏముంది పాక్ బ్రమ్?"

అతను వంగి చూశాడు. "ఏమీ లేదు."

"ఇంకోటి. దీని పక్కన?"

"ఏమీ... లేదు."

"నింగ్, ఈ తారీఖు నీకు గుర్తుందా?"

ఎలా మరిచిపోతాను. "సెకార్ సెలపానన్ రోజు బూలిక్, పుట్టిన ముప్పై అయిదో రోజు. అన్నాలు పెడుతుంటే గంట మోగింది, డోలు మోగింది. వచ్చినవాళ్ల చెప్పులన్నీ పళ్లేల పక్కనే బల్లెక్కించాం. మ్బాః గీనా నవ్వలేక చచ్చింది." ఆ మాట నోట్లోంచి వచ్చాక కానీ ఏమన్నానో నాకు తెలియలేదు.

"గంట మోగిన రోజు కాగితం ఖాళీగా ఉంది," అంది బూలిక్ నెమ్మదిగా. "మోగని రోజు గంట గుర్తు పడింది."

"పాత రిబ్బను మాసిపోయి ఉంటుంది."

"AWAS వరకూ నల్లగా పడి, దాని పక్కనే మాసిపోయిందా? మంచి రిబ్బనే." లేచి మోకాళ్లు దులుపుకుంది. "ఆ స్క్రిప్టు తెరవండి."

"సాక్ష్యాన్ని ముట్టుకోనివ్వను."

"మీరే ముట్టుకోండి. నేను వేలు కూడా పెట్టను. ఈ పోలీసు తమ్ముడు చూస్తుంటాడు."

గుమ్మం దగ్గరి పోలీసు అప్పటికే నాలుగడుగులు లోపలికి వచ్చేశాడు. బ్రమంత్యో విసుగ్గా ఎడిటర్ తెరిచాడు. తెర మీద కూడా అదే ఉంది. ^G. మాన్యువల్ పుస్తకం తెరిచి పక్కన పెట్టాడు. అందులోనూ ఆ పేజీలో అదే.

"పుస్తకంలో ఉన్నదే ఇందులో ఉంది. చాలా?"

"ఇంకొక్క పని. ఆ మెరిసే గీతను టోపీ ముందు పెట్టండి. పెట్టారా? ఇప్పుడు కుడి బాణం మీట ఒక్కసారి నొక్కండి. ఒక్కసారే."

"నొక్కితే?"

"గంట అక్షరం చూడటానికే రెండు, లోపల ఒకటి. అది నిజమైన గంటే అయితే ఆ గీత టోపీనీ G నీ కలిపి ఒక్క దూకులో దాటాలి."

అతను నొక్కాడు.

గీత దూకలేదు. టోపీకీ G కీ నడుమ వచ్చి నిలబడింది. అక్కడే వెలుగుతూ ఆరుతూ ఉంది.

బయట కాలవలో నీళ్లు ఊచలకి తగిలే చప్పుడు వినపడుతోంది.

"ఇది గంట కాదు పాక్," అంది బూలిక్. "గంట బొమ్మ. ఎవరో బొమ్మను చూసి బొమ్మను గీశారు. ప్రింటరు పాపం తన పని తాను సరిగ్గానే చేసింది. టోపీ కొట్టమన్నారు, కొట్టింది. G కొట్టమన్నారు, అదీ కొట్టింది. కనపడితే మోగదు. మోగితే కనపడదు. మీ సాక్షి చెప్పేది ఇదే."

"ఇదంతా మాటలు. రుజువు కావాలి."

"పాక్ రెబో, తేలే డబ్బా ఎత్తండి."

నీటిమట్టం కొలిచే ఆ డబ్బాను పాక్ రెబో గీత దాటేలా చేత్తో పైకెత్తాడు. ప్రింటరు టకటకమంది. AWAS^G. నిశ్శబ్దం. మంగళవారం తెల్లవారుజామున మేమంతా పడుకున్నది ఈ నిశ్శబ్దంలోనే.

"ఈ ఫైలు ఇలాగే ఉండనివ్వండి. దీని నకలు ఒకటి తెరిచి, టోపీనీ G నీ చెరిపేసి నేను చెప్పినట్టు కొట్టండి. వెనక్కి వాలిన గీత. C. అడ్డగీత. చిన్న g."

బ్రమంత్యో నకలు తెరిచి చెరిపాడు. కొట్టాడు. నకలు నడిపించాడు. పాక్ రెబో మళ్లీ డబ్బా ఎత్తాడు.

AWAS అని పడింది. పక్కన ఏమీ లేదు, తెల్లటి కాగితం. ఆ తెలుపులోంచి గంట మోగింది.

చిన్న ఇత్తడి గంటే. పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నదే. కానీ అది ఎక్కడినుంచి వస్తుందో ఈ రోజే చూశాను. ఎవరి కంటికీ ఆనని ఒక అక్షరం తీగ వెంట నడిచివచ్చి, ఇనుమును తట్టి, మా సందులో ఇన్ని ప్రాణాలను నిద్రలేపి, పేరు కూడా మిగల్చకుండా వెళ్లిపోతోంది. పోలీసు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో అతనికీ తెలిసి ఉండదు. సెకార్ ఏడవలేదు. ముసలాయన భుజం మీదినుంచి తల తిప్పి, ప్రింటరు వైపు కళ్లింత చేసుకుని చూసింది. ఇంకా ఒక్క అక్షరమూ పలకడం రానిది అది. దాని ఏడుపే మంగళవారం నన్ను లేపింది.

బూలిక్ వదల్లేదు. "మాన్యువల్ చూసి ఎవరు కొట్టారు?"

"టైపిస్టు అమ్మాయి."

"ఉన్న ఫైలును కాపీ చేయకుండా ఎందుకు కొట్టించారు?"

"ఆ ఆడిట్ చేయించింది నేనే. బయటి డిస్కులు పెట్టకూడదని ఆడిట్ నిబంధన. అందుకని... పుస్తకం చూసి కొట్టమన్నాను."

"సరిచూసింది?"

"నేనే." అతను మాన్యువల్ మీద వేలు పెట్టాడు. "అక్షరం అక్షరం పక్కపక్కన పెట్టి చూశాను, బు సుదార్మి. ఒక్క తేడా లేదు."

"అవును. చూశారు. వికన్ అరిచింది కూడా దీని గురించే, చూస్తే తెలిసేది కాదని."

అతను రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. కోపంతో అతని మీద నాలుగు మాటలు విసరాలని ఎంతగానో అనుకున్నాను. బిడ్డను పాక్ రెబో దగ్గర్నుంచి తీసుకున్నాను. మ్బాః గీనా ఖాళీ సీసాలు ఇంకా మా గుమ్మం పక్కనే ఉన్నాయి.

పోలీసు తన ఫోనులో స్టేషన్‌కి చెప్పి, వికన్‌ని లైన్లోకి రప్పించాడు. ఫోను నా చేతికిచ్చాడు.

"మాస్ వికన్, తేలిపోయింది! నువ్వు కాదు. టోపీ, G, చేత్తో కొట్టారట. కాగితం మీదే పడింది."

అటువైపు ఊపిరి వినపడింది. ఏడుస్తాడనుకున్నాను. ఎప్పుడు వదులుతారని అడుగుతాడనుకున్నాను.

"నింగ్," అన్నాడు, "ఒక్క మన పంపు హౌసుకేనా కొట్టింది?"

నేను ఫోను చెవి దగ్గరే ఉంచుకుని బ్రమంత్యో వైపు చూశాను. ఆ ప్రశ్న అతనికీ వినపడింది.

"అన్నిటికీ," అన్నాడు. "సముద్రం వైపున్న అయిదు పంపు హౌసులకీ. సోమవారమే."

"ఈ రాత్రి పున్నమి, పోటు ఇంకా ఎక్కువ," అన్నాడు పాక్ రెబో.

తర్వాత అంతా ఒకేసారి జరిగింది. బ్రమంత్యోయే ఫోను తీశాడు. మిగిలిన నాలుగింటిలో మూడు చోట్ల ఎత్తారు. గంటను నమ్మొద్దు, కాగితం చదువుతూ కూర్చోండి, AWAS పడగానే పంపు వేయండి అని ప్రతిచోటా అరిచి చెప్పాడు. నాలుగోది రొయ్యల చెరువుల అవతల గట్టు చివర ఉంది. అక్కడ కాపలా మ్బాః లెగీనా అనే ఇంకో అవ్వ. ఒంటరి మనిషి. ఒక చెవి వినపడదు. రెండోదాన్ని ప్రింటరు వైపు పెట్టుకుని పడుకుంటుందని పాక్ రెబో చెప్పాడు. ఆమె ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేస్తే అసలు కలవలేదు.

తనే నడుపుతానని బూలిక్ పాక్ రెబో మోటారు సైకిలు ఎక్కేసింది. వెనక బ్రమంత్యో, ఇస్త్రీ ప్యాంటుతో, బురదలోనే. "\C-g," అని తనలో తాను చదువుకుంటూ కూర్చున్నాడు, మరిచిపోతానేమోనన్నట్టు.

అది నాలుగు గంటలప్పుడు. ఇప్పుడు చీకటి పడుతోంది. చెరువుల మీది దారి మునిగిందని అటునుంచి వచ్చిన చేపలవాళ్లు చెప్పారు. బూలిక్ ఫోను కలవడం లేదు. వికన్‌ని వదలాలంటే పెద్ద అధికారి రావాలట, రేపు పొద్దున. నేను సెకార్‌ని బల్ల మీద పడుకోబెట్టి, పక్కనే కూర్చుని ఫోనులో అందరికీ ఇది రాస్తున్నాను. మా గంట మోగుతుంది. ఈ రాత్రికి మాకు భయం లేదు.

మీలో ఎవరైనా గట్టు అవతలి వైపున్నవాళ్లయితే, పడవున్నవాళ్లయితే, దయచేసి ఒక్కసారి వెళ్లి చూడండి. నీలం రేకుల పంపు హౌసు. తలుపు గట్టిగా తట్టండి, కుడి చెవి వినపడదు. మ్బాః లెగీనాని లేపండి. గంట కోసం ఎదురుచూడొద్దని చెప్పండి.